పేరు వినపడని పేటలో పెద్ద ఫ్లాట్: తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవులకి ఏ ఊరు వెళ్ళినా మేం ఎనిమిది మందిమి కలిసే వెళ్తాం. అమ్మా నాన్నా, అన్నయ్యా వదినా, వాళ్ళ పిల్లలిద్దరూ, మేమిద్దరం. మొదట్లో హోటల్లో నాలుగు గదులు తీసుకునేవాళ్ళం. తర్వాత మూడు పడకగదుల ఫ్లాట్ అద్దెకు తీసుకోవడం మొదలుపెట్టాం, అది కూడా యాత్రికులు గుంపులుగా తిరిగే చోట వద్దనుకుని, ఆ ఊరివాళ్ళు కాపురాలుండే మామూలు పేటల్లో. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి బంధువులూ స్నేహితులూ ప్రయాణానికి ముందు ఫోన్ చేసి సందేహాలు అడుగుతూనే ఉన్నారు. వాళ్ళు అడిగిన ప్రశ్నలే ఇవి. ఏ దేశమైనా, ఏ ఊరైనా పనికొచ్చేవి మాత్రమే ఇక్కడ రాశాను.

హోటల్ ఉండగా ఫ్లాట్ ఎందుకు?

హాలు కోసం. నాకు తోచిన అసలు కారణం ఇదొక్కటే, మిగతావన్నీ దీని తర్వాతే.

హోటల్లో నాలుగు గదులు తీసుకుంటే నాలుగు తలుపులు వస్తాయి. సాయంత్రం తిరిగి రాగానే ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటారు. మాట్లాడుకోవాలంటే ఎవరో ఒకరి మంచం మీద ఇరుక్కుని కూర్చోవాలి. పిల్లలు నిద్రపోతే పెద్దవాళ్ళు దీపం ఆర్పేసి చీకట్లో ఫోను చూసుకుంటూ గడపాలి. ఫ్లాట్‌లో అయితే పిల్లలు లోపల పడుకుంటారు, మిగిలినవాళ్ళం హాల్లో కాళ్ళు బారజాపుకుని ఆ రోజు చూసినవి చెప్పుకుంటాం. మా అమ్మకి తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది. హోటల్లో ఉన్నప్పుడు నాన్న నిద్ర చెడుతుందని కదలకుండా పడుకునేది. ఫ్లాట్‌లో మెల్లగా లేచి, వంటింట్లో ఏదో వేడిగా కలుపుకుని, బాల్కనీలో కూర్చుని తెల్లారడం చూస్తుంది. ఆ ఒక్క దృశ్యం కోసమైనా నేను మళ్ళీ ఫ్లాటే తీసుకుంటాను.

మరి ఫ్లాట్ ఎవరికి సరిపడదు?

ఒక్కరో ఇద్దరో రెండు రాత్రుల కోసం వెళ్తుంటే హోటలే మేలు. రోజూ ఎవరైనా వచ్చి గది సర్దాలి, ఏ రాత్రప్పుడైనా కింద మనిషి ఉండాలి అనుకునేవాళ్ళకి కూడా. ఫ్లాట్‌లో ఆ సేవలు ఉండవు. మన పక్క మనమే సర్దుకోవాలి, చెత్త మనమే కిందికి తీసుకెళ్ళాలి.

పేరున్న చోటు వదిలేసి, ఎవరికీ తెలియని పేటలో ఎందుకు ఉండాలి?

మొదటి కారణం చోటే. ఊరి నడిబొడ్డున ఇద్దరికి సరిపోయే గదికి పెట్టే అద్దెతో, కాస్త అవతల ఉన్న పేటలో కుటుంబమంతా పట్టే ఇల్లు చాలాసార్లు దొరుకుతుంది. కట్టడాలు చూడటానికి వచ్చే జనం వాటి పక్కనే ఉండాలనుకుంటారు. ఆ గిరాకీ ఉన్నచోట ఇళ్ళను చిన్న చిన్న ముక్కలు చేసి అద్దెకిస్తారు. పక్క పేటల్లో ఇళ్ళు కుటుంబాల కోసం కట్టినవి కాబట్టి అసలు కొలతల్లోనే మిగిలి ఉంటాయి.

రెండోది నాకు ఇంకా ఇష్టమైనది. అలాంటి పేటలో పొద్దున్నే బడికి వెళ్ళే పిల్లలు కనిపిస్తారు. బెంచీ మీద రోజూ అదే పెద్దాయన కూర్చుంటాడు. మూడో రోజుకి కొట్టువాళ్ళు మనల్ని గుర్తుపడతారు. ఒక ఊరు రోజూ ఎలా బతుకుతుందో చూడటం కూడా ఊరు చూడటమే అని నా గట్టి నమ్మకం.

ఒక పేటకి పేరు రాకపోవడానికి కారణాలు తరచూ పాతవే. ఒకప్పుడు అక్కడ ఫ్యాక్టరీయో రైల్వే యార్డో ఉండి ఉంటుంది. లేదా నదికి అవతలి ఒడ్డున ఉండటం వల్ల యాత్రికుల పటంలోకి ఎక్కి ఉండదు. ఎప్పుడో వచ్చిన చెడ్డపేరు పేట మారిపోయాక కూడా జనం నోట్లో మిగిలిపోతుంది. పేర్లు ఎప్పుడూ ఒకేలా ఉండవు. ఇవాళ పారిస్ వెళ్ళినవాళ్ళంతా చూసే మోంమార్త్ర్ పేట 1860లో నగరంలో కలిసేదాకా పారిస్ బయటి ఊరే.

మంచి పేటను ఎలా కనిపెట్టాలి?

నేను పటం ముందు పెట్టుకుని రెండు మూడు సాయంత్రాలు గడుపుతాను. ఇది తొందరపడే పని కాదు.

ముందు బస్సు, మెట్రో, ట్రామ్ లైన్లు చూస్తాను. ఊరి మధ్యకి మారకుండా ఒకే బండిలో వెళ్ళే దారి ఉందా? ఉంటే ఆ లైను వెంబడి నాలుగైదు స్టాపులు దాటాక ఏముందో చూస్తాను. ఇక్కడ దూరం కంటే మారడాలు ముఖ్యం. పెద్దవాళ్ళతో, సామానుతో రెండుసార్లు బండి మారే పదిహేను నిమిషాల కంటే కుదురుగా కూర్చుని వెళ్ళే ముప్పై నిమిషాలు ఎంతో హాయి. ఆఖరి బండి ఎన్నింటికి, సెలవు రోజుల్లో ఎన్ని నిమిషాలకొకటి వస్తుంది అన్నది కూడా తప్పకుండా చూడండి.

తర్వాత స్టాపు నుంచి ఇంటికి నడక. మామూలు మనిషి 400 మీటర్లు ఐదు నిమిషాల్లో నడుస్తాడని లెక్క. మోకాళ్ళ నొప్పులున్న మా నాన్నకి అది పది నిమిషాలు. మధ్యలో మెట్టదారి ఉంటే ఇంకా ఎక్కువ. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని బట్టే ఈ లెక్క వేసుకోవాలి.

ఆ తర్వాత పటం మీద బడి, పార్కు, మందుల దుకాణం, సరుకుల కొట్టు, క్లినిక్ వెతుకుతాను. ఇవన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయంటే అక్కడ కుటుంబాలు ఉంటున్నట్టే. వీధి ఫోటోలు కూడా చూడండి, కానీ ఆ ఫోటో ఏ సంవత్సరంలో తీసిందో మూలన రాసి ఉంటుంది, అది గమనించండి. ఐదేళ్ళ కింద ఖాళీ స్థలం ఉన్నచోట ఇప్పుడు పెద్ద కట్టుబడి జరుగుతూ ఉండవచ్చు. పైనుంచి తీసిన ఉపగ్రహ చిత్రంలో హైవే, రైలు పట్టాలు ఇంటికి ఎంత దగ్గరో తెలుస్తుంది. రాత్రి నిద్ర సంగతి అక్కడే తేలిపోతుంది.

బుక్ చేసే ముందు చాలా సైట్లు ఇంటి చిరునామా చెప్పవు, పటం మీద ఒక వృత్తం మాత్రం చూపిస్తాయి. అప్పుడు ఓనరుకి సందేశం పెట్టి "దగ్గరలో ఉన్న స్టాపు ఏది, నడిచి ఎంతసేపు?" అని అడగండి. సూటిగా జవాబు వస్తే మంచి గుర్తు.

అలాంటి పేటల్లో భద్రత సంగతి?

పేరు లేకపోవడం వేరు, ప్రమాదకరం కావడం వేరు. ఈ రెంటినీ కలిపేసి భయపడతాం. నేను చూసేది ఒక్కటే, రాత్రి తొమ్మిది తర్వాత ఆ వీధిలో ఆడవాళ్ళు ఒంటరిగా నడుస్తున్నారా అని. ఇది రివ్యూల్లో ఆడవాళ్ళు రాసిన మాటల్లో దొరుకుతుంది. దొరక్కపోతే ఓనరునే అడగవచ్చు, సిగ్గుపడాల్సిన పని లేదు. దీపాలున్న దారిలోనే రండి, మొదటి రోజు వెలుగుండగానే ఇంటికి చేరండి. ఏ దేశం వెళ్తున్నా అక్కడి ఎమర్జెన్సీ నంబరు ముందే తెలుసుకోండి. యూరప్‌లోనూ భారత్‌లోనూ అది 112.

రోజూ ఊరి మధ్యకి వెళ్ళి రావడంలో టైమ్ అంతా పోదా?

కొంత పోతుంది, దాచడం దేనికి. వెళ్ళడానికి 25, రావడానికి 25 నిమిషాలంటే రోజుకి 50 నిమిషాలు. ఆరు రోజులకి ఐదు గంటలు. పెద్ద ఇంటికి మనం అదనంగా ఇచ్చే మూల్యం అదే. కాకపోతే మధ్యాహ్నం ఇంటికొచ్చి కునుకు తీసి మళ్ళీ వెళ్ళే అలవాటు ఉంటే అది రెట్టింపవుతుంది, అప్పుడు మాత్రం దూరం భారమే. మేం రోజు విడిచి రోజు పద్ధతి పెట్టుకున్నాం. ఒక రోజు పొద్దున్నించి రాత్రిదాకా ఊరి మధ్యలో, మర్నాడు పేటలోనే. ఆ రెండో రోజు అమ్మానాన్నలకి విశ్రాంతి, పిల్లలకి పార్కు.

"విశాలమైన ఫ్లాట్" అని రాస్తే ఎంతవరకు నమ్మాలి?

మాటను నమ్మకండి, అంకె అడగండి. చాలా దేశాల్లో చదరపు మీటర్లలో చెప్తారు. ఒక చదరపు మీటరు అంటే దాదాపు 10.76 చదరపు అడుగులు. 80 చదరపు మీటర్లంటే సుమారు 860 చదరపు అడుగులు. ఆ అంకె గోడల లోపలి కొలతా, మెట్లూ వరండా కలిపిన కొలతా అన్నది కూడా అడగాలి.

ఫోటోల్లో గది మూల నుంచి వైడ్ లెన్స్‌తో తీస్తే చిన్న గది కూడా హాలంత కనిపిస్తుంది. అందుకే నేను గదిని వదిలేసి సామాన్లను చూస్తాను. మంచానికీ గోడకీ మధ్య మనిషి నడిచే సందు ఉందా? అల్మారా తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా? భోజనాల బల్ల చుట్టూ ఎన్ని కుర్చీలున్నాయి? "ఎనిమిది మందికి సరిపోతుంది" అని రాసి నాలుగు కుర్చీలే ఉంటే, మిగతా నలుగురినీ హాల్లో సోఫా మంచాల మీద పడుకోబెట్టే ఉద్దేశమన్నమాట. పెద్ద వయసు వాళ్ళు సోఫా మంచం మీద ఒక్క రాత్రి పడుకున్నా మర్నాడు నడుం పట్టేస్తుంది.

పడకగదుల కంటే బాత్రూములు లెక్కపెట్టండి. ఎనిమిది మందికి ఒకే బాత్రూం ఉంటే ఎంత పెద్ద ఇల్లయినా పొద్దున ఇరుకే. ఒక గదిలోంచి మాత్రమే ఇంకో గదిలోకి వెళ్ళే ఇళ్ళు కూడా ఉంటాయి, పాత కట్టడాల్లో మరీను. అర్ధరాత్రి బాత్రూంకి వెళ్ళాలంటే ఇంకొకరి మంచం పక్కనుంచి నడవాలి. నేల ప్లాను ఉంటే పంపమని అడగండి, లేదంటే ఒక వీడియో తీసి పంపమనండి.

ఎన్నో అంతస్తు అన్నది అంత ముఖ్యమా?

లిఫ్టు లేకపోతే చాలా ముఖ్యం. పైగా లెక్కలో తేడా ఉంది. బ్రిటన్‌లోనూ మన దగ్గరా కిందిది గ్రౌండ్ ఫ్లోర్, దాని పైది ఫస్ట్ ఫ్లోర్. అమెరికాలో కిందిదే ఫస్ట్ ఫ్లోర్. అందుకని "ఎన్నో అంతస్తు" అని కాకుండా "వీధి నుంచి తలుపు దాకా ఎన్ని మెట్లు" అని అడగండి. లిఫ్టు ఉన్నా దాని ముందు ఆరు మెట్లు ఉండే కట్టడాలున్నాయి.

శుభ్రం చేసే రుసుము వేరుగా వేస్తారు. అది న్యాయమేనా?

పెద్ద ఇల్లు తుడిచి, ఎనిమిది మంది పక్కదుప్పట్లు ఉతకడానికి మనిషి కావాలి కాబట్టి న్యాయమే. కానీ అది రోజుల్ని బట్టి మారదు. రుసుము ఒక రాత్రి అద్దెలో సగం ఉందనుకోండి. రెండు రాత్రులే ఉంటే రాత్రికి పావు అద్దె అదనంగా కట్టినట్టు. పది రాత్రులుంటే ఇరవయ్యో వంతే. ఇళ్ళను పోల్చేటప్పుడు రుసుము, పన్ను, సైటు కమిషన్ అన్నీ కలిపిన మొత్తాన్ని రాత్రులతో భాగించి, ఆ అంకెలనే పోల్చండి.

ఇలా ఫ్లాట్ అద్దెకివ్వడం చట్టప్రకారం సరైనదేనా?

ఊరిని బట్టి. ఇది అందరూ దాటేసే ప్రశ్న, నా దృష్టిలో మొదట అడగాల్సినది. అనుమతి లేని ఇల్లయితే మన బుకింగ్ ప్రయాణానికి ముందు రోజు కూడా రద్దు కావచ్చు.

న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి గట్టిగా అమలవుతున్న నిబంధన ఒకటుంది. 30 రోజుల కంటే తక్కువకి ఇవ్వాలంటే ఓనరు నగరంలో నమోదు చేసుకోవాలి, అతిథులున్నన్ని రోజులూ తానూ అదే ఇంట్లో ఉండాలి, ఇద్దరికి మించి అతిథులు ఉండకూడదు. అంటే మాలాంటి కుటుంబానికి అక్కడ వారం రోజులకి ఫ్లాటంతా తీసుకునే ఆలోచనే పనికిరాదు. సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్ళను వరుసగా మూడు నెలలకు తక్కువగా అద్దెకివ్వకూడదు. పారిస్‌లో ఓనరు తాను నివసించే ఇంటిని ఏడాదికి 120 రాత్రుల దాకా ఇవ్వగలిగేవాడు, 2025 నుంచి ఆ హద్దు 90కి తగ్గింది. లండన్‌లోనూ ప్రత్యేక అనుమతి లేకుండా 90 రాత్రులే. జపాన్‌లో 2018లో అమల్లోకి వచ్చిన చట్టం ఏడాదికి 180 రోజులు అంటుంది. బార్సెలోనా అయితే 2028 నవంబరు నాటికి పదివేల పైచిలుకు పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులన్నిటినీ ఆపేస్తామని 2024లో ప్రకటించింది.

మీరు చేయాల్సింది చిన్న పనే. ఆ ఊళ్ళో రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరైతే ప్రకటనలో ఉందో లేదో చూడండి. లేకపోతే అడగండి. "ఎవరైనా అడిగితే మా చుట్టాలమని చెప్పండి" అని ఓనరు అన్నాడంటే ఆ ఇల్లు వదిలేయండి.

రివ్యూలు ఎలా చదవాలి?

కొత్తవి ముందు, తక్కువ మార్కులవి ముందు. "చక్కటి ఇల్లు" అన్న యాభై మాటల కంటే "వెనక గదిలో ఫోన్ సిగ్నల్ రాదు" అన్న ఒక్క మాట విలువైంది. ఒకే ఫిర్యాదు ముగ్గురు రాస్తే నిజమని తీసుకోండి. ఓనరు ఫిర్యాదుకి ఇచ్చిన జవాబు కూడా చదవండి, ఏదైనా జరిగితే మనతో ఎలా మాట్లాడతాడో అందులో తెలుస్తుంది.

సైటు బయట డబ్బు పంపితే తగ్గిస్తామంటున్నారు. పంపవచ్చా?

వద్దు. ఎంత తగ్గించినా వద్దు.

రాత్రి ఆలస్యంగా చేరితే తాళం ఎలా?

చాలాచోట్ల తలుపు పక్కన చిన్న పెట్టె ఉంటుంది, నంబరు నొక్కితే అందులో తాళం చెవి దొరుకుతుంది. లేదా తలుపుకే నంబర్ల తాళం ఉంటుంది. నంబరును స్క్రీన్‌షాట్ తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి, కాగితం మీద కూడా రాసుకోండి.

ఒకసారి మేం రాత్రి పదకొండింటికి చేరాం. ఆ పెట్టె తెరుచుకోలేదు. ఓనరు ఫోను స్విచాఫ్. అమ్మానాన్నలు సామాన్ల మధ్య మెట్ల మీద కూర్చున్నారు, పిల్లలకి ఏడుపొక్కటే తక్కువ. మాటలు విని ఎదురింటావిడ తలుపు తీసింది. ఆమె భాష మాకు రాదు, మా భాష ఆమెకి రాదు. లోపలికెళ్ళి రెండు కుర్చీలు తెచ్చి అమ్మానాన్నలని కూర్చోబెట్టింది, తర్వాత ఓనరు చెల్లెలి నంబరు వెతికి ఫోన్ చేసింది. గంట తర్వాత తలుపు తెరుచుకుంది. అప్పటినుంచి బుక్ చేసేటప్పుడే "మీరు దొరక్కపోతే ఫోన్ చేయడానికి రెండో నంబరు ఇవ్వండి" అని అడుగుతున్నాను. ఇవ్వడానికి ఇష్టపడని ఇంటికి రాత్రిపూట చేరే ప్రయాణం పెట్టుకోవద్దు.

ఇంట్లోకి వెళ్ళగానే ఏం చూసుకోవాలి?

సామాను విప్పకముందే పది నిమిషాలు కేటాయించండి. ప్రతి గదినీ ఫోన్‌లో వీడియో తీయండి. అప్పటికే ఉన్న గీతలు, మరకలు, విరిగిన పిడులు ఉంటే దగ్గరగా ఫోటో తీసి ఓనరుకి వెంటనే పంపండి. వెళ్ళేటప్పుడు డిపాజిట్ గొడవ రాకుండా ఇదే కాపాడుతుంది.

పరుపుల అంచు కుట్ల దగ్గర నల్లటి చుక్కలున్నాయేమో చూడండి, అవి నల్లుల గుర్తు. అది తేలేదాకా పెట్టెలు మంచం మీద పెట్టకండి. ఇల్లు కొన్నాళ్ళు ఖాళీగా ఉండి ఉంటే కొళాయిలు, షవరు కొద్ది నిమిషాలు వదిలి కిటికీ తీయండి. పైపుల్లో నిలిచిన నీరు పోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది గ్యాస్. బాత్రూంలోనో వంటింట్లోనో గ్యాస్ గీజర్ ఉంటే, గాలి సరిగ్గా ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరగడం, వికారం వస్తాయి. ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి అలా అనిపిస్తే అలసట అనుకోకండి, అందరూ బయటికి వచ్చేసి సాయానికి ఫోన్ చేయండి. దాన్ని పసిగట్టే అలారం ఇంట్లో ఉందా అని బుక్ చేసే ముందే అడగండి. చేతిలో పట్టేంత అలారంలు అమ్ముతారు, నేనొకటి కొని పెట్టెలో పెట్టుకున్నాను.

బయటికి వెళ్ళే రెండో దారి, మంటలార్పే సిలిండరు, కరెంటు మెయిన్ స్విచ్ ఎక్కడున్నాయో పెద్దవాళ్ళలో కనీసం ఇద్దరికి తెలియాలి.

అందరికీ వేడినీళ్ళు సరిపోతాయా?

పెద్ద ఫ్లాట్లలో ఎక్కువ ఇబ్బంది ఇక్కడే. గీజర్ ట్యాంకు ఎన్ని లీటర్లో అడగండి. 50 లీటర్ల ట్యాంకులో నీళ్ళు 60 డిగ్రీలకు కాగాయనుకోండి, కొళాయి చన్నీళ్ళు 15 డిగ్రీలున్నాయనుకోండి. రెండూ కలిపితే 40 డిగ్రీల స్నానపు నీళ్ళు 90 లీటర్లు వస్తాయి. షవరు నిమిషానికి 9 లీటర్లు వదిలితే అవి పది నిమిషాల్లో అయిపోతాయి. అంటే ఇద్దరు, పొదుపుగా చేస్తే ముగ్గురు. మిగతావాళ్ళు ట్యాంకు మళ్ళీ కాగేదాకా ఆగాలి. మేం సగంమంది రాత్రి, సగంమంది పొద్దున స్నానం చేస్తాం. ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు కాచే గీజరైతే ఈ బెంగ లేదు.

వంట చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కానీ "వంటిల్లు ఉంది" అనే మాటకి అర్థం ఇంటింటికీ మారుతుంది. ఎన్ని పొయ్యిలు, ఎనిమిది మందికి సరిపడే గిన్నె ఉందా, పదునైన కత్తి ఉందా అని అడగండి. ఇండక్షన్ పొయ్యి అయితే అయస్కాంతం అంటుకునే గిన్నెలే వేడెక్కుతాయి, మీరు తీసుకెళ్ళే అల్యూమినియం, రాగి పాత్రలు పనికిరావు. మన ఇంటి నుంచి కరెంటు సామాను పట్టుకెళ్తుంటే వోల్టేజీ చూసుకోండి. మన దగ్గర 230 వోల్టులు, అమెరికాలో 120, జపాన్‌లో 100. ఫోన్ ఛార్జర్లు చాలావరకు అన్నిటికీ పనిచేస్తాయి. వోల్టేజీ తక్కువున్న చోట మన మిక్సీ, ఇస్త్రీపెట్టె సరిగ్గా పనిచేయవు.

వాషింగ్ మెషీన్ ఉందంటున్నారు, బట్టలు తక్కువ తీసుకెళ్ళవచ్చా?

సగం తీసుకెళ్ళండి. అయితే ఉతికి ఆరబెట్టేది కూడా అదే మెషీనైతే ఒకసారి ఉతికినవన్నీ ఒకేసారి ఆరవు, ఆరబెట్టే సామర్థ్యం ఉతికేదానికంటే తక్కువ. ఇంట్లో దండెం, లేదా మడత స్టాండు ఉందేమో కనుక్కోండి.

ఇంట్లో కెమెరాలు ఉంటాయేమోనని టెన్షన్‌గా ఉంది.

ఆ భయం సహజమే. ఎయిర్‌బిఎన్‌బి అనే ఇళ్ళ అద్దె సైటు 2024 ఏప్రిల్ 30 నుంచి ఇళ్ళ లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది, బయట ఉన్నవాటి గురించి ప్రకటనలో ముందే చెప్పాలి. ఇతర సైట్లలో బుక్ చేస్తే వాటి నిబంధన చదవండి. పడకగదిలో, బాత్రూంలో మంచానికో షవరుకో ఎదురుగా పెట్టిన గడియారం, పొగ అలారం, ఛార్జర్ అడాప్టరు అనుమానంగా ఉంటే దగ్గరికెళ్ళి చూడండి. నిజంగా దొరికితే ముట్టుకోకుండా ఫోటో తీసి, బయటికి వచ్చి సైటుకీ పోలీసులకీ చెప్పండి.

చిన్నపిల్లలతో వెళ్తే?

బాల్కనీ కమ్మీల మధ్య సందు, కిటికీల గొళ్ళాలు, మెట్ల అంచులు మొదటి గంటలోనే చూసుకోండి. బాల్కనీలో కుర్చీలుంటే కమ్మీలకి దూరంగా జరపండి, పిల్లలు వాటినెక్కి తొంగి చూస్తారు.

ఇరుగుపొరుగుతో ఎలా ఉండాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. అందరూ అడగాలని నా కోరిక.

మనకి అది వారం రోజుల ఇల్లు. గోడకి అవతలున్న వాళ్ళకి అది జీవితకాలపు ఇల్లు. మనం వెళ్ళాక ఇంకొకరు వస్తారు, వాళ్ళ తర్వాత ఇంకొకరు. ప్రతి గుంపూ అర్ధరాత్రి పెట్టెలు ఈడ్చుకుంటూ, మెట్ల మీద గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తే ఆ పక్కింటివాళ్ళకి ఏడాదంతా నిద్ర ఉండదు. నగరాలు ఇన్ని కట్టడులు పెట్టడానికి ఒక కారణం ఇదే. ఇంకో కారణం ఇంకా పెద్దది. నెల అద్దెకి దొరకాల్సిన ఇళ్ళు రాత్రి అద్దెకి మారిపోతే ఆ పేటవాళ్ళకే ఇల్లు దొరకదు, దొరికినా అద్దె అందదు. మనం ఇష్టపడి వెళ్ళిన పేట మన రాకతోనే ఖాళీ అవుతుందంటే బాధగా ఉంటుంది. అందుకే నేను వీలైనంతవరకు ఒక్క ఇల్లే ఉన్న ఓనరు దగ్గర తీసుకుంటాను. ఒకే మనిషి పేరు మీద నలభై ప్రకటనలుంటే వదిలేస్తాను.

ఇక రోజువారీ సంగతులు. పెట్టెలను మెట్ల మీద ఎత్తి పట్టుకోండి. ఇంట్లో చెప్పులు విప్పండి, కింద ఇంటికి అడుగుల చప్పుడు తగ్గుతుంది. రాత్రి పది తర్వాత బాల్కనీలో గొంతు తగ్గించండి. ఏ చెత్త ఏ డబ్బాలో, ఏ రోజు అన్నది ఓనరును అడిగి కాగితం మీద రాసి వంటింట్లో అంటించండి. లిఫ్టులో ఎదురైతే అక్కడి భాషలో నమస్కారం చెప్పండి, ఆ ఒక్క మాటైనా ముందే నేర్చుకోండి. మెట్ల మీద మాకు కుర్చీలు తెచ్చిన ఆవిడకి వదిన వెళ్ళే రోజు పిల్లలు గీసిన బొమ్మ ఇచ్చింది. ఆవిడ దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని చూసింది.

ఏదైనా పగిలితే చెప్పాలా?

వెంటనే, ఫోటోతో సహా. ముందే చెప్తే చాలామంది ఓనర్లు గ్లాసుకో ప్లేటుకో డబ్బు అడగరు. దాచి వెళ్తే రివ్యూలో రాస్తారు, అది న్యాయం కూడా.

ఇల్లు ప్రకటనలో చూపినట్టు లేకపోతే?

చేరిన రోజే ఫిర్యాదు చేయండి. ఆఖరి రోజు చెప్తే "ఇన్నాళ్ళూ ఉన్నారుగా" అంటారు. మాటలన్నీ సైటులోని సందేశాల్లోనే జరగనివ్వండి. ఫోన్‌లో ఏదైనా ఒప్పుకుంటే "మీరు ఇలా అన్నారు" అని మళ్ళీ అందులో రాయండి. గీజరు పనిచేయకపోవడం లాంటిదైతే ముందు బాగుచేయడానికి అవకాశం ఇవ్వండి. భద్రతకి సంబంధించిందైతే ఆగకుండా సైటుకి చెప్పి వేరే చోటు అడగండి.

ఎన్ని రోజులుంటే బాగుంటుంది?

ఐదు రాత్రులకు తగ్గితే పేట మనకి పరిచయం కాదు. మొదటి రోజు స్విచ్‌లు వెతుక్కోవడంతోనే సరిపోతుంది, ఆఖరి రోజు సర్దుకోవడంతో. మధ్యలో మూడు నాలుగు రోజులైనా మిగలాలి.

ఖాళీ చేసే రోజు ఏం చేయాలి?

ఖాళీ చేసే వేళ పొద్దునే ఉంటుంది, బండి సాయంత్రం ఉంటుంది. హోటల్లోలా సామాను దాచేవాళ్ళు ఉండరు. ఆ రోజు ఎవరూ రావడం లేదంటే కొన్ని గంటలు ఎక్కువ ఉండనిస్తారేమో రెండు రోజుల ముందే అడగండి. లేకపోతే స్టేషన్‌లో సామాను గది ఉందేమో చూసుకోండి.

గిన్నెలు కడిగి, చెత్త దించి, వాడిన తువ్వాళ్ళు ఒకచోట పెట్టండి. గీజర్, ఏసీ, పొయ్యి ఆపండి. మళ్ళీ ఒకసారి వీడియో తీయండి. తర్వాత ఒక్కరే, మిగతావాళ్ళంతా బయటికి వెళ్ళాక, అన్ని గదులూ తిరగండి. బాత్రూం తలుపు వెనక కొక్కెం, ఫ్రిజ్ తలుపు అరలు, మంచం కింద, ప్లగ్గులకి వేలాడే ఛార్జర్లు, వాషింగ్ మెషీన్ లోపల చూడండి. బాల్కనీ కుర్చీ మీద కూడా చూడండి. మా అమ్మ కళ్ళజోడు ప్రతిసారీ అక్కడే దొరుకుతుంది.